పంజగుట్టలో భూమి తిరిగిన ఆదివారం

మా కోనసీమ నుంచి హైదరాబాదు వెళ్లొచ్చినవాళ్లు చార్మినారు చూశామంటారు, గోల్కొండ ఎక్కామంటారు, ముత్యాల దండ కొన్నామంటారు. నేను భూమి తిరగడం చూసి వచ్చాను. అదీ పంజగుట్టలో, గోడలకి సిమెంటు గిలాబా కూడా పూర్తికాని ఒక కాంప్లెక్సులో. అమలాపురంలో మా కాలేజీ స్టాఫ్ రూములో ఈ మాట అంటే మా లెక్కల మేడమ్ టిఫిన్ డబ్బా మూత పెట్టేసి నా మొహం వంక చూసింది. ఆవిడకి చెప్పినదంతా మీకూ చెబుదామని ఇది రాస్తున్నాను.

బేగంపేటలో వాన

దసరా సెలవులకి బయల్దేరాను. పద్మ అని నా పాత శిష్యురాలు అమీర్‌పేటలో ఆడపిల్లల హాస్టలు నడుపుతోంది. "రండి మేడమ్, ఊరు ఎలా మారిపోయిందో చూద్దురుగాని" అని ఎన్నాళ్లనుంచో పిలుస్తోంది. బేగంపేట స్టేషన్లో దిగేసరికి కుండపోత.

ఆటో ఎక్కాను. డ్రైవరు నెత్తికి ప్లాస్టిక్ సంచీ తొడుక్కుని ఉన్నాడు. బండి పరుగెత్తుతున్నంతసేపూ జల్లు ఎదురుగా వచ్చి నా చీర కుచ్చిళ్లన్నీ తడిపేసింది. "జర ఎన్కకు జరుగుండ్రి అమ్మా, పరేషాన్ కాకుండ్రి, వస్తనే ఉన్నం" అన్నాడు. సిగ్నల్ దగ్గర ఆగాం. చిత్రం, ఒక్క చుక్క కూడా లోపలికి రాలేదు. వాన నిలువుగా, బుద్ధిగా ఆటో కప్పు మీద పడుతోంది. మళ్లీ కదలగానే మళ్లీ మొహాన కొట్టింది. నేను పకపకా నవ్వాను. డ్రైవరు అద్దంలోంచి అనుమానంగా చూశాడు. ఆయనకేం చెప్పను, నేను ఫిజిక్స్ క్లాసులో నక్షత్రాల వెలుతురు గురించి చెప్పే పాఠం సరిగ్గా ఇదేనని.

మా ఊళ్లో అయితే ఇంత వానకి రిక్షా అతను ఏదో అరుగు చూసుకుని ఆపేస్తాడు, మనమూ దిగి కబుర్లు చెప్పుకుంటాం. ఇక్కడ వాన ఎవర్నీ ఆపదు.

అమీర్‌పేట గోడలు

అమీర్‌పేటలో గోడ కనిపించదు, గోడ మీద బోర్డులు కనిపిస్తాయి. జావా, ఒరాకిల్, మెయిన్‌ఫ్రేమ్స్, మళ్లీ జావా. చౌరస్తాలో నడిచినంతమేరా చేతిలో కరపత్రాలు పెడుతూనే ఉంటారు. జుట్టు సగం నెరిసిన నాకూ ఒక కుర్రవాడు ఒకటిచ్చాడు. "పిల్లల కోసమా నాయనా?" అంటే, "మీకు సుత నేర్పుతరు మేడం, ఏజ్ బార్ లేదు" అన్నాడు ఆ కుర్రవాడు. ఆ మాట నాకు నచ్చింది. కాగితం మడిచి పర్సులో పెట్టుకున్నాను.

టిఫిన్ బండి దగ్గర నిలబడే తినాలి. ప్లేటు ఇడ్లీ ఆరు రూపాయలు, పల్లీల చట్నీ ఇడ్లీ మునిగేలా పోస్తాడు. మా వైపు హోటల్లో కూర్చోగానే ముందు మంచినీళ్లు వస్తాయి, తర్వాత యోగక్షేమాలు, ఆ తర్వాతే ఇడ్లీ. ఇక్కడ నా పక్కన తింటున్న ఇద్దరు పిల్లలు ప్లేట్లు పట్టుకునే ఏదో ప్రోగ్రాములో తప్పు గురించి వాదించుకున్నారు. ఒకడిది శ్రీకాకుళం యాస, ఒకడిది కరీంనగర్ యాస. తగువు ఎవరు గెలిచారో తెలియలేదుగానీ ఇద్దరికీ చాయ్ డబ్బులు శ్రీకాకుళం అబ్బాయే ఇచ్చాడు.

పద్మ హాస్టలు మూడంతస్తులు. నాకు పైగదిలో మంచం వేసింది. ఆ గదిలో ఉండే అమ్మాయి పేరు రజిత. సిరిసిల్ల. బీఎస్సీ చదివి జావా నేర్చుకోవడానికి వచ్చింది. వాళ్ల నాన్న లింగయ్య మరమగ్గం మీద పని చేస్తాడు. నేను ఫిజిక్స్ లెక్చరర్నని పద్మ చెప్పగానే ఆ పిల్ల మొహం వాడిపోయింది. డబ్బాలోంచి నాలుగు సకినాలు తీసి నా చేతిలో పెట్టి, వెళ్లి తన ట్రంకుపెట్టె సర్దుకోసాగింది.

"ఊరికి వెళ్తున్నావా అమ్మా?" అన్నాను.

"అవ్ మేడం. ఆదివారం మా బాపు వస్తుండు. తోల్కపోతడు."

ఇంటర్వ్యూ సంగతి

సంగతేమిటో సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తూ చెప్పింది. ఒక కంపెనీ ఇంటర్వ్యూలో ఆఖరి దాకా వెళ్లింది. ప్రోగ్రాములన్నీ రాసింది. చివర్లో కూర్చున్న పెద్దమనిషి సరదాకి ఒక ప్రశ్న వేశాడు.

"భూమి కదుల్తదని నీకెట్ల తెలుసు, రుజువు చెయ్యి అన్నడు మేడం. నాకు ఇంగ్లీషుల మాట రాలే. పోనీ తెలుగులో చెప్పమన్నడు. 'కదుల్తది సార్, బుక్కుల ఉంది' అన్న. పక్కనున్నాయన 'బుక్కుల ఉందంట' అని నా యాసల నా లెక్కనే అన్నడు. అందరు నవ్విండ్రు." చీరను నాలుగు మడతలు వేసి, విప్పి, మళ్లీ మడత వేసింది. "జాబ్ పోతే పోయింది. ఇగ యాడికి పోయినా నోరు తెరవబుద్ధి అయితలేదు. అందుకే బాపుకు ఫోన్ చేసిన."

నాకు ఒళ్లు మండింది. ఏళ్ల తరబడి ఈ పాఠం చెబుతున్న దాన్ని. పెద్ద గుండు ఒకటి పొడవాటి తీగకి కట్టి ఊపితే, అది ఊగే దారి మారకుండా ఉంటుంది, కింద నేల మాత్రం నెమ్మదిగా తిరుగుతుంది, కాబట్టి గుండు దారి పక్కకి జరిగినట్టు కనిపిస్తుంది అని నల్లబల్ల మీద బొమ్మ వేసి చూపిస్తాను. ఆ బొమ్మ కళ్లముందు మెదిలింది.

"రజితా, భూమి తిరగడం కళ్లతో చూస్తావా?"

"చూడొస్తదా?"

"నేనూ ఎప్పుడూ చూడలేదు. ప్రయత్నిద్దాం పద."

మెట్ల సందులో

మొదటి ప్రయత్నం హాస్టల్ మెట్ల సందులోనే. ఇత్తడి చెంబులో ఇసుక నింపి, బట్టలు ఆరేసుకునే నైలాన్ తాడుకి కట్టి, మూడో అంతస్తు నుంచి వేలాడదీశాం. అమ్మాయిలంతా మెట్ల మీద చేరారు. ఊగే దారి గడియారం ముల్లు వైపు జరగాలని ముందే చెప్పి, చేత్తో ఒక్క తోపు తోశాను. చెంబు రెండు ఊపులు బాగానే ఊగింది. తర్వాత కోడిగుడ్డు ఆకారంలో చుట్టూ తిరగడం మొదలుపెట్టింది, తాడు పురి విప్పుకుంటూ చెంబు తన చుట్టూ తానూ తిరిగింది, చివరికి గోడకి తగిలి ఇసుకంతా పద్మ నెత్తిన పోసింది.

"భూమికి కళ్లు తిరిగినట్టున్నాయి మేడమ్" అంది పద్మ కొంగు దులుపుకుంటూ. అందరూ నవ్వారు.

రజిత నవ్వలేదు. చెంబును పట్టి ఆపి, "మేడం, గడియారం ముల్లు పోయే దిక్కుకు జరగాలె గద. గిది ఉల్టా పోయింది" అంది.

"తాడు పురి వల్ల. నేను చేత్తో తోసినందువల్ల కూడా. సన్న స్టీలు తీగ కావాలి, బరువైన గుండు కావాలి. గుండును దారంతో పక్కకి లాగి కట్టి, ఆ దారాన్ని కాల్చేయాలి. అప్పుడు ఎవరి చెయ్యీ తగలకుండా బయల్దేరుతుంది. అన్నిటికంటే ముందు ఎత్తైన చోటు కావాలి."

"గసొంటి జాగ యాడ దొరుకుతది?" అంది రజిత. ఆ పూట ట్రంకుపెట్టె జోలికి వెళ్లలేదు.

పంజగుట్ట, శేషగిరిరావు గారు

హాస్టల్ బిల్డింగు ఓనరు శేషగిరిరావు గారిది భీమవరం. పంజగుట్టలో ఐదంతస్తుల కాంప్లెక్సు కట్టిస్తున్నారు. మధ్యలో నేల నుంచి పైకప్పు దాకా ఖాళీ వదిలి, చుట్టూ వరండాలు పెట్టించారు. పద్మ మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లింది. పైకి చూడగానే నాకూ రజితకీ ఒకేసారి నవ్వొచ్చింది. పైన అడ్డంగా దూలం కూడా ఉంది.

నేను చెప్పినదంతా విని శేషగిరిరావు గారు గడ్డం రుద్దుకున్నారు. "ప్రారంభోత్సవం కాకముందు ఇనప గుండు వేలాడదీయడం... శాస్త్రానికి విరుద్ధమేమీ కాదు కదండీ?"

"ఇదే శాస్త్రమండీ" అన్నాను.

దూలం వంక మరోసారి చూసి, "అయితే ఆదివారం పెట్టుకోండి. మావాళ్లని కూడా పిలుస్తాను. హైదరాబాదులో ఎన్ని కాంప్లెక్సులున్నా భూమి తిరిగిన కాంప్లెక్సు మాదేనని చెప్పుకోవచ్చు" అన్నారు.

ఆయన మాటల్లో పడి నేను తడి గచ్చు మీద కాలు పెట్టేశాను. చెప్పు అందులోనే ఉండిపోయింది. మేస్త్రి యాదగిరి పరుగెత్తుకొచ్చి చెప్పు పీకి ఇచ్చాడుగానీ ముద్ర మాత్రం అలాగే ఉంచేశారు. "లక్ష్మీదేవి పాదం అనుకుంటామండి" అన్నారు ఓనరు గారు. నా కాలు ఎనిమిదో నంబరు. లక్ష్మీదేవి క్షమించాలి.

గుండు కోసం నేనూ రజితా ఆటవస్తువుల కొట్టుకి వెళ్లి మగపిల్లలు విసిరే పెద్ద షాట్‌పుట్ అడిగాం. కొట్టాయన మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "ఎవరు విసురుతరు మేడం?" అన్నాడు. "ఎవరూ విసరరు. వేలాడదీస్తాం" అంటే ఇంకేమీ అడగలేదు. వెల్డింగ్ షాపులో పైన కొక్కెం, కింద సన్నటి మేకు అతికించుకున్నాం. ఆ గుండును చేతిసంచీలో మోసుకుంటూ ఇరానీ హోటల్లో దూరి మూడు రూపాయల చాయ్ తాగాం. మా ఊళ్లో ఆడవాళ్లం ఇద్దరమే అలా హోటల్లో కూర్చుంటే ఇంటికెళ్లేలోపు కబురు చేరుతుంది. ఇక్కడ వెయిటర్ బిస్కట్లు పెట్టి వెళ్లాడు, సంచీ తగిలి కాలు నొప్పిపుట్టినప్పుడు తప్ప మా వంక చూడలేదు.

శనివారం సాయంత్రం యాదగిరి మేస్త్రి దూలానికి తీగను అన్ని వైపులా సమంగా పట్టేలా బిగించాడు. గుండు నేలకి జానెడు ఎత్తున ఆగింది. కూలీలు చుట్టూ మూగారు. "గుమ్మడికాయ కడతరు గని ఇనుప గుండు కట్టుడేంది? మస్తు దిష్టి ఉన్నట్టుంది ఓనరుకు" అని ఒకామె అంటే అందరూ నవ్వారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఒక తగువు. రేపు అందరికీ వివరించేది ఎవరు? రజిత అన్నాను. పద్మ నన్ను పక్కకి పిలిచింది. "మీరే చెప్పండి మేడమ్. చాలామంది వస్తున్నారు. ఆ అమ్మాయి మాట తీరు మీకు తెలుసు కదా, మళ్లీ ఎవరైనా నవ్వితే తట్టుకోలేదు." పద్మ ప్రేమతోనే అంది. నాకూ లోపల భయంగానే ఉంది. కానీ రజిత అప్పటికే పళ్లెం మీద సుద్దముక్కతో గీత గీసి, దారానికి తాళంచెవి కట్టి ఊపుతూ, పక్క మంచం అమ్మాయికి పాఠం చెబుతోంది. మొదట ఇంగ్లీషులో, తర్వాత వార్తలు చదివినట్టు బరువైన తెలుగులో. రెండింట్లోనూ తడబడింది.

"మీ ఇంట్లో మీ చెల్లెలికి ఎలా చెబుతావో అలా చెప్పు" అన్నాను.

ఆదివారం పొద్దున్న

అంతమంది వస్తారని ఎవరం అనుకోలేదు. హాస్టల్ పిల్లలు తమ తమ బ్యాచుల్లో చెప్పారట. శ్రీనగర్ కాలనీ నుంచి శేషగిరిరావు గారి బంధువులు, బోరబండ నుంచి కూలీల కుటుంబాలు, జావా పిల్లలు, ఐదు వరండాల్లోనూ వెదురు కర్రల వెనక నిలబడి కిందికి చూస్తున్నారు. గాలి రాకుండా చుట్టూ పరదాలు కట్టారు. మొదటి బస్సుకి వచ్చిన లింగయ్య గారు తువ్వాలు భుజాన వేసుకుని ఒక స్తంభం పక్కన నిలబడ్డారు. కూతురు ఏం చేస్తోందో ఆయనకి ఇంకా అర్థం కాలేదు.

గుండును పక్కకి లాగి నూలు దారంతో స్తంభానికి కట్టాం. అది పూర్తిగా కదలకుండా నిలిచేదాకా ఆగాం. రజిత అగ్గిపుల్ల గీసింది. దారం కాలి తెగింది. గుండు చప్పుడు లేకుండా బయల్దేరింది. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, గుడిలో పల్లకీ మోసేవాళ్ల నడకంత నిదానంగా. పద్మ వంగి మేకు పోయే దారి వెంట రెండు చివర్లా ముగ్గుపిండితో గీత వేసింది.

రజిత గొంతు సవరించుకుంది. "గీ గుండును ఎవ్వరు ముట్టుకుంటలేరు. ఇది ఒక్క దారిన్నే పోతది, వస్తది..."

రెండో అంతస్తు నుంచి ఎవరో "పోతదంట, వస్తదంట" అన్నారు. నాలుగైదు నవ్వులు. రజిత ఆగిపోయింది. పద్మ నా చెయ్యి పట్టుకుంది. లింగయ్య గారు తలెత్తి పైకి చూశారు.

రజిత కూడా పైకి చూసింది. "అవ్ అన్నా, పోతది. నేను గట్లనే అంట. నువ్వు 'పోతుంది' అన్నా 'వెళ్తుంది' అన్నా గుండు పోయే తొవ్వ మారదు. అనుమానముంటె కిందికి దిగొచ్చి చూడు, జాగ ఇస్తం."

ఈసారి ఐదంతస్తులూ నవ్వాయి. ఆ నవ్వు వేరు. ఆ అబ్బాయి నిజంగానే కిందికి దిగొచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు.

ఆ తర్వాత ఆమెను ఆపడం ఎవరి తరమూ కాలేదు. "గుండే పక్కకు జరుగుతుందేమో, నేల తిరిగిందని ఎందుకనాలి?" అని ఆ అబ్బాయే అడిగాడు. రజిత పళ్లెం తెప్పించింది. దాని మీద గీత గీసి, పైన దారంతో తాళంచెవి ఊపుతూ, పళ్లేన్ని మెల్లగా తిప్పమని పద్మకి చెప్పింది. "చూసిండ్రా? తాళంచెవి ఊగే దారి మారలే. పళ్లెం మీది గీతనే జరిగింది. గీడ పళ్లెమేందో ఎరికేనా? మనం నిలవడ్డ గచ్చు. గచ్చు కింద పంజగుట్ట. పంజగుట్ట కింద భూమి."

"భూమి రోజుకొకసారి తిరుగుతుంటే ఈ గుండు కూడా రోజుకొక చుట్టు రావాలి కదమ్మా?" అన్నారు శేషగిరిరావు గారు. రజిత బత్తాయి పండు పట్టుకుని చూపించింది. తొడిమ దగ్గర నిలబడితే కాళ్లకింద నేల రోజుకొక పూర్తి చుట్టు తిరుగుతుంది. పండు నడుముకి దగ్గరగా ఉన్నవాళ్లం మనం. ఇక్కడ ఆ తిరుగుడులో కొంత పాలే మన నేలకి అందుతుంది. అందుకే గుండు ఒక చుట్టు రావడానికి మూడు రోజులు దాటి పడుతుంది.

ఒక కూలీ ఆమె అడిగింది. "గిర్రున తిరుగుతది, సరే. సూర్యుని సుట్టు పోతదంటరు గద, గదెట్ల తెలుస్తది?"

ముందురోజు నా ఆటో కథ రజితకి చెప్పాను. దాన్ని ఆమె ఇలా చెప్పింది. "అక్కా, వానల బండి మీద పోయినవా? బండి ఆపితే వాన నెత్తి మీద పడ్తది. ఉరికితే మొఖానికి కొడ్తది. వాన వంగలే, మనం ఉరుకుతున్నం. చుక్కల వెలుగు సుత వాన లెక్కనే. దుర్బీను సక్కగ నిలవెడితే చుక్క దొరకదు, భూమి పోయే దిక్కుకు జరంత వంచాలె. ఆరు నెలలైనంక దానికి ఎదురు దిక్కు వంచాలె. ఎందుకు? అప్పుడు భూమి మల్లి ఉల్టా దిక్కు పోతుంటది గద, సూర్యునికి అవుతలి పక్క."

"అయితె మనం ఇప్పుడు సుత ఉరుకుతున్నట్టే" అందామె, కింద కూర్చున్న తన పిల్లవాణ్ని ఇంకాస్త దగ్గరికి లాక్కుంటూ.

గంట దాటింది. గుండు ఊపు తగ్గిందిగానీ దారి స్పష్టంగానే ఉంది. అది పద్మ వేసిన ముగ్గు గీత మీద లేదు. రజిత స్తంభం వైపు చూసి, "బాపు, ఇటు రా. ఇప్పుడు పోయే దారి నువ్వు గీయి" అంది. లింగయ్య గారు బెరుగ్గా వచ్చారు. మోకాళ్ల మీద కూర్చుని, గుండు పోకడ నాలుగు సార్లు చూసి, ముగ్గుపిండితో గీత వేశారు. రెండు గీతల కొసల మధ్య నాలుగు వేళ్ల ఎడం. గడియారం ముల్లు వైపే.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను జీవితమంతా బొమ్మ వేసి చెప్పిన మాట ఆ గచ్చు మీద తెల్లగా పడి ఉంది. దాన్ని చూపించింది నా శిష్యురాలు. అవును, ఆ నాలుగు రోజుల్లోనే ఆమె నా శిష్యురాలైంది.

పక్కన నిలబడ్డ యాదగిరి మేస్త్రి లింగయ్య గార్ని అడిగాడు. "ఎవరన్నా గామె? మస్తు చెప్తుంది."

లింగయ్య గారు చేతులకంటిన ముగ్గు దులుపుకోలేదు. "నా బిడ్డ" అన్నారు. చుట్టుపక్కలవాళ్లకి కూడా వినపడాలన్నట్టు ఇంకోసారి, "నా బిడ్డ" అన్నారు.

బస్టాపు

జనం కరిగాక, అమీర్‌పేట సందులో కోచింగ్ సెంటరు నడిపే ఒకాయన రజిత దగ్గరికి వచ్చారు. పోటీపరీక్షల పిల్లలకి పొద్దున్న పూట సైన్సు చెప్పేవాళ్లు కావాలన్నారు. "ఇవాళ ఎలా చెప్పావో అలాగే చెప్పాలమ్మా, మార్చొద్దు" అన్నారు. రజిత తండ్రి మొహం చూసింది.

"నన్నేం చూస్తున్నవ్ బిడ్డా? చెప్తనని చెప్పు" అన్నారాయన.

ఇప్పుడామె పొద్దున్న పాఠాలు చెబుతూ మధ్యాహ్నం జావా నేర్చుకుంటోంది. పద్మ ఫోన్ చేసినప్పుడల్లా ఆ సంగతులు చెబుతుంది. శేషగిరిరావు గారు గచ్చు మీది రెండు గీతలనీ పెయింటుతో దిద్దించారట.

ఆ సాయంత్రం లింగయ్య గార్ని సాగనంపడానికి పంజగుట్ట బస్టాపుకి వెళ్లాం. దారిలో మాకు మిర్చి బజ్జీలు కొనిపెట్టారు. నేను డబ్బులు తియ్యబోతే "మీరు జర ఊకోండ్రి మేడం" అని గదమాయించారు. బస్సు వచ్చింది. ఆయన ఒక్కరే ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నారు. రజిత ఏదో చెబుతూ చెయ్యి ఊపిందిగానీ ఆయన మా వైపు చూడనే లేదు. పక్క సీట్లో ముక్కూ మొహం తెలియని పెద్దాయనకి అప్పటికే ఏదో చెబుతున్నారు. ఒక చెయ్యి వేళ్లు కిందికి వేలాడేసి ఇటూ అటూ ఊపుతున్నారు. రెండో అరచేతిని దాని కింద పెట్టి మెల్లమెల్లగా తిప్పుతున్నారు. పక్కాయన వంగి ఆ అరచేతిలోకి చూస్తుండగా బస్సు కదిలింది.